సింగడి ఇరవై ఆరు

1 జూన్ 2025, ఆదివారం

నైట్రోజన్ క్యాన్ తాళంచెవి ఈ రోజు నా చేతికి వచ్చింది. ఇవ్వడానికి పెంచల్‌కు ఆరు నెలల పైన పట్టింది.

నవంబరులో మా ఆయన పోయిన రోజు నుంచి చెవి వాడి మొలతాడుకే ఉంది. అడిగినప్పుడల్లా "అయ్య నన్ను చూసుకోమన్నాడు టీచరమ్మా" అనేవాడు. వాడు గోపాలమిత్ర. ఊళ్ళు తిరిగి ఎదకొచ్చిన పశువులకు చూలు నిలిచేందుకు విత్తనం సూది వేసే పని. ఆ పని ఇప్పించింది ఆయనే. అంతమాత్రాన మా ఇంటి చెవి వాడిది కాదు. ఆయన ఏమన్నాడో ఎక్కడా రాసి లేదు. ఉదయగిరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు సైన్సు చెప్పాను, అందులో తొమ్మిదేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నాను. నోటిమాట మీద ఏ రోజూ ఒక చాక్‌పీసుల పెట్టె కూడా బయటికి ఇవ్వలేదు.

క్యాన్ పశువుల కొట్టం పక్క గదిలో ఉంది. మూత తీస్తే తెల్లటి పొగ. లోపల ద్రవ నత్రజని. అందులో మునిగి గడ్డిపరకంత సన్నని స్ట్రాలు. ఒక్కో స్ట్రాలో మా ఎద్దు సింగడి విత్తనం. సింగడు చచ్చి నాలుగేళ్ళు. బండలాగుడులో వాడికి ఎదురు నిలిచిన ఎద్దు ఇక్కడి నుంచి కలిగిరి దాకా లేదు. ఆయన సింగడితో మాట్లాడినన్ని మాటలు నాతో మాట్లాడలేదు. అది వేరే సంగతి. వాడి విత్తనంతో రెండు దూడలు పుట్టి, రెండూ ముద్దచర్మం రోగానికి పోయాయి. నాకు ఒక కోడెదూడ కావాలి. ఒక్కటి చాలు.

ఆయన పుస్తకంలో చివరి లెక్క ఇరవై ఎనిమిది. మనవరాలు నవ్యశ్రీ స్ట్రాలున్న గిన్నెను దాని కడ్డీతో పైకి ఎత్తి పట్టుకుంది. నేను పట్టకారుతో ఒక్కొక్కటి పక్కకు జరిపి లెక్కపెట్టాను. కళ్ళద్దాలకు పొగ పట్టింది. తుడుచుకొని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఇరవై ఆరు.

"రెండేవి?" అన్నాను.

"ఒకటి ఇరిగిపోయింది టీచరమ్మా. ఒకటి మా అమ్మ ఆవుకు వేసినాను. అయ్యే వేయమన్నాడు."

"ఎక్కడ రాసి ఉంది?"

"నోటితో చెప్పినాడు."

"నోటితో నేనూ చెప్తాను. ఉదయగిరి కొండ నాదని చెప్తాను. రిజిస్టరు చేయిస్తావా?"

వాడు చెవి ఇచ్చి, గేటు దాకా పోయి వెనక్కు తిరిగాడు. "మాటిమాటికి అట్టా పైకి ఎత్తబాకండమ్మా. విత్తనానికి మంచిది కాదు."

"నత్రజని ఎంత చల్లనిదో నీకు తొమ్మిదో తరగతిలో నేనే చెప్పాను. మైనస్ నూట తొంభై ఆరు. ఆ రోజు నువ్వు బడికి రాలేదేమో."

"వచ్చినానమ్మా. బయట నిలబెట్టినారు."

నిలబెట్టి ఉంటే కారణం ఉండే ఉంటుంది.

లెక్కపెట్టొద్దని దొంగ తప్ప ఇంకెవరంటారు? ఇక ప్రతి ఆదివారం లెక్క. నవ్యశ్రీ ఆత్మకూరు కాలేజీ నుంచి శనివారం సాయంత్రం వస్తుంది కాబట్టి పట్టుకోవడానికి మనిషి ఉంటుంది.

8 జూన్, ఆదివారం

ఇరవై ఆరు. రెండుసార్లు లెక్కపెట్టాను.

12 జూన్, గురువారం

తెల్లవారకముందే మా ఆవు గౌరి అరుపు. ఎదకొచ్చి తీగలు వేస్తోంది. సిద్ధయ్య, మా పశువులు చూసే మనిషి, ఫోన్ చేస్తే పెంచల్ ఎనిమిదింటికి బండి మీద వచ్చాడు. తాళం నేనే తీశాను. పక్కనే నిలబడ్డాను.

స్ట్రా తీయడానికి వాడికి అయిదారు సెకన్లు పట్టింది. గిన్నెను క్యాన్ గొంతు దాకా కూడా రానివ్వకుండా చటుక్కున ఒకటి లాగి గోరువెచ్చని నీళ్ళలో వేసి, మూత పెట్టేశాడు. నేను లెక్కపెట్టడానికి ఆరు నిమిషాలు పడుతుంది. అంత తొందర ఎందుకు? ఎన్ని తీశాడో నాకు కనబడకూడదని.

15 జూన్, ఆదివారం

ఇరవై అయిదు. సరిపోయింది.

22 జూన్, ఆదివారం

ఇరవై అయిదు.

"అవ్వా, చెయ్యి లాగతా ఉండాది. పెంచలన్న ఎత్తొద్దన్నాడు గదా," అంటుంది నవ్యశ్రీ.

"పెంచల్ నీకు అన్న ఎప్పుడయ్యాడు? సరిగ్గా పట్టుకో."

29 జూన్, ఆదివారం

మొదటిసారి ఇరవై అయిదు. రెండోసారి ఇరవై నాలుగు. మూడోసారి ఇరవై అయిదు. మొత్తం పన్నెండు నిమిషాలు. తప్పు నాదే, ఒక స్ట్రా ఇంకోదానికి అంటుకొని ఉంది. లెక్క పుస్తకంలో ఆ సంగతి కూడా రాశాను.

3 జూలై, గురువారం

గౌరి పొర్లింది, మళ్ళీ ఎదకొచ్చింది. సరిగ్గా ఇరవై ఒకటో రోజు. అంటే చూలు నిలవలేదు. మళ్ళీ పిలిపించాను, మళ్ళీ వేశాడు. ఇరవై నాలుగు మిగిలాయి.

"ఒకోసారి నిలవదు టీచరమ్మా. గాబరా పడబాకండి."

నేను గాబరా పడను. లెక్క అడుగుతాను.

6 జూలై, ఆదివారం

ఇరవై నాలుగు.

9 జూలై, బుధవారం

నెలకోసారి ఆత్మకూరుకు నత్రజని ట్యాంకరు వస్తుంది. ఇన్నాళ్ళూ పెంచల్ ఒక్కడే మా క్యాన్ తీసుకుపోయి నింపుకొచ్చేవాడు. ఎంత పోయించాడో, ఎంత దారిలో ఎవరికి పోశాడో దేవుడికెరుక. ఈసారి నేనూ ఆటోలో క్యాన్ పక్కన కూర్చొని వెళ్ళాను. రెండు గంటలు. వాడు ముందు సీట్లో కూర్చున్నాడు. 

కొండాపురం, కలిగిరి, సీతారామపురం నుంచి వచ్చిన గోపాలమిత్రలు క్యాన్లు వరస పెట్టుకొని చెట్టు నీడన ఉన్నారు. ట్యాంకరు డ్రైవరు తిరుపాలు గొట్టం పెట్టి పోస్తుంటే నేల మీద పొగ పాకింది.

"రాండమ్మా రాండి, గాలి కొనుక్కునేదానికి ఇంత దూరం వచ్చినారా?" అన్నాడు. "ఫ్యాక్టరీలో గాలిని పీల్చి, నొక్కి, చల్లబెట్టి నీళ్ళు చేస్తారమ్మా. ఆక్సిజన్ ఆసుపత్రులకు పోతాది. మిగిలింది మాకు పోస్తారు. చిప్స్ ప్యాకెట్లో ఊదేది ఇదే. కారు టైర్లలో కొట్టేది ఇదే. ఆవుల కడుపు పండేది దీంతోనే."

"మిగలడం కాదు," అన్నాను. "ఆక్సిజన్ మైనస్ నూట ఎనభై మూడు దగ్గర మరుగుతుంది. నత్రజని నూట తొంభై ఆరు దగ్గర. ఆ పదమూడు డిగ్రీల తేడా పట్టుకొని రెండింటినీ విడదీస్తారు. యూరియాకు కావలసిన నత్రజని కూడా గాలిలోదే. తెలియకపోతే తెలియదని చెప్పు."

"అబ్బో! టీచరమ్మ చేతికిస్తే ఫ్యాక్టరీ నడిపేటట్టుండాదే!"

అందరూ నవ్వారు. పెంచల్ కూడా నవ్వాడు. అది గుర్తు పెట్టుకున్నాను.

నిండా పోయించాను. చెక్క స్కేలు ముంచి తీస్తే మంచు పదిహేడు అంగుళాల దాకా పట్టింది. వాడి ముందే రాశాను, వాడి చేత సంతకం పెట్టించాను.

16 జూలై, బుధవారం

స్కేలు: పద్నాలుగున్నర. వారంలో రెండున్నర అంగుళాలు. ఆయన పుస్తకంలో వారానికి అంగుళం చిల్లర కంటే ఎక్కువ ఎప్పుడూ తగ్గలేదు. నత్రజని ఎటు పోతోంది? ఆరు నెలలు చెవి దగ్గర పెట్టుకున్నవాడు ఇంకో చెవి చేయించుకోలేదని నమ్మకమేంటి?

20 జూలై, ఆదివారం

కొత్త తాళం. ఇరవై నాలుగు. అయినా నత్రజని తగ్గుతూనే ఉంది.

24 జూలై, గురువారం

గౌరి మళ్ళీ పొర్లింది. ఇరవై మూడు.

31 జూలై, గురువారం

మా రెండో ఆవు కపిల ఎదకొచ్చింది. గౌరిలో లోపమేమో తేలిపోతుందని దీనికి వేయించాను. ఇరవై రెండు.

3 ఆగస్టు, ఆదివారం

ఇరవై రెండు.

10 ఆగస్టు, ఆదివారం

ఇరవై రెండు.

14 ఆగస్టు, గురువారం

గౌరి మూడోసారి పొర్లింది. పెంచల్ చేతి తొడుగు విప్పుతుంటే అడిగాను. "గవర్నమెంటు స్ట్రాలు ఊరందరి ఆవులకూ నిలుస్తున్నాయి. మా ఇంట్లో ఎందుకు నిలవదు? ఏం వేస్తున్నావు నువ్వు?"

"మీ క్యాన్లోదే వేస్తుండాను. మీ కళ్ళ ముందరే గదమ్మా తీసింది."

"తీసింది మాదే. వేసింది మాదేనా?"

వాడి మొహం మాడింది. "టీచరమ్మా, గొడ్డులో తప్పు లేదు. నా చేతిలో తప్పు లేదు. ఆ క్యాన్ ఎత్తబాకండని మొదటి రోజే చెప్పినాను."

"మళ్ళీ అదే పాట."

"పాట గాదమ్మా, అది..."

"నువ్వు నాకు పాఠం చెప్పాల్సిన రోజు ఇంకా రాలేదు. పో."

పోయాడు. తొడుగు మా కొట్టంలోనే పారేసి పోయాడు. ఇరవై ఒకటి మిగిలాయి.

17 ఆగస్టు, ఆదివారం

ఇరవై ఒకటి.

సాయంత్రం సిద్ధయ్య పాలు పితుకుతూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. ఏందని అడిగితే నీళ్ళు నమిలాడు. గట్టిగా అడిగాను.

"పెంచల్ వాళ్ళమ్మ ఆవు ఈనిందంటమ్మా. కోడెదూడంట. అచ్చం మన సింగడేనంట. చూసినోళ్ళు చెప్తా ఉండారు."

18 ఆగస్టు, సోమవారం

చూసి వచ్చాను.

సీతారామపురం దారిలో బస్సు దిగి చెరువు కింద పల్లెకు మైలు దూరం నడిచాను. పెంచల్ తల్లి గురవమ్మ ఇంటి ముందు వలలు ఆరేసి ఉన్నాయి. వాటి పక్కనే గుంజకు దూడ. నాలుగు రోజుల దూడ, తెలుపు, మూపురం వచ్చే చోట బూడిద రంగు, సింగడిలాగే నుదురు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. మనిషిని చూస్తే బెదరలేదు. అదీ సింగడి గుణమే.

"చూడమ్మా, బాగా చూడు. కళ్ళజోడు తుడుచుకొని చూడు," అంది గురవమ్మ. కూర్చోమనలేదు.

"ఇది మా ఇంటి విత్తనం."

"ఎవరు కాదన్నారు? మీ ఆయనే ఇచ్చినాడు. ఇదో, ఈ గుంజకాడ నిలబడి వేయించినాడు."

"నవంబరులో ఆయన బాత్రూముకే నడవలేడు."

"నడిచి వచ్చినాడని నేను చెప్పినానా? మావాడి బండెక్కి వచ్చినాడు. నువ్వు పెన్షన్ పనిమీద నెల్లూరు పోయిన రోజు."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే రాసియ్యమంటాదన్నాడు," అని నవ్వింది. పళ్ళు లేని నోటితో, నా మొహం మీదే.

అబద్ధం. ఆయన నాకు చెప్పకుండా ఏమీ చేయలేదు.

ఏమీ చేయలేదు.

20 ఆగస్టు, బుధవారం

ఫిర్యాదు రాశాను. ఆత్మకూరు పశువుల డాక్టరుకు ఒకటి, నెల్లూరు ఆఫీసుకు ఒకటి, రిజిస్టర్ పోస్టులో. మూడు విషయాలు: రెండు స్ట్రాలు దొంగిలించాడు. క్యాన్‌లోని విత్తనం మార్చి పనికిరానిది వేస్తున్నాడు. నత్రజని కాజేస్తున్నాడు. సాక్ష్యంగా ఆ ఇంట్లోని కోడెదూడ. మూడు పేజీలు, ఒక్క కొట్టివేత కూడా లేదు.

21 ఆగస్టు, గురువారం

కపిల పొర్లింది. పెంచల్‌ను పిలవలేదు.

24 ఆగస్టు, ఆదివారం

ఇరవై ఒకటి.

29 ఆగస్టు, శుక్రవారం

విచారణ అయ్యేదాకా పనికి రావద్దని పెంచల్‌కు చెప్పారట. గవర్నమెంటు ఇచ్చిన క్యాన్, సంచీ, రిజిస్టరు అప్పగించాడట. వాడి ఊళ్ళన్నీ కొండాపురం మనిషికి ఇచ్చారు. ఆ మనిషి ఫోన్ ఎత్తడు.

31 ఆగస్టు, ఆదివారం

ఇరవై ఒకటి. ఇప్పుడు తగ్గదు చూడు.

3 సెప్టెంబరు, బుధవారం

సిద్ధయ్య ఉదయం అయిదింటికి యూరియా లైన్లో చెప్పులు పెట్టి వచ్చి, మళ్ళీ పోయి మధ్యాహ్నం రెండింటికి ఒక్క బస్తాతో తిరిగి వచ్చాడు. బస్తా దించి, కూర్చోకుండానే అరిచాడు. "లైన్లో అందరూ నన్నే తిడతా ఉండారమ్మా! పెంచల్‌ను ఎవరు తీయించినారని. నా బర్రె ఎదకొచ్చి రెండు రోజులు అరిచి అరిచి మానుకునింది. ఇంగ మూడు వారాలు ఆగాల. నా పాలు ఎవరిస్తారు? నువ్విస్తావా?"

నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఉన్నవాడు నన్ను 'నువ్వు' అన్నాడు.  లోకంలో గాలిలో ముప్పాతిక నత్రజనే. అయినా బస్తాలో దానికి లైను, క్యాన్‌లో దానికి లైను. మనుషులకు క్రమశిక్షణ లేకపోతే ఇంతే.

7 సెప్టెంబరు, ఆదివారం

ఇరవై ఒకటి. నవ్యశ్రీ గిన్నె ఎత్తి పట్టుకుంది కానీ నా వైపు చూడలేదు.

10 సెప్టెంబరు, బుధవారం

ఆత్మకూరులో విచారణ. మా క్యాన్ ఆటోలో తీసుకెళ్ళాను. లెక్క పుస్తకం చేతి సంచిలో పెట్టుకున్నాను. అది ఉంటే నాకు వకీలు అక్కరలేదు.

డాక్టరు భారతికి నలభై దాటవు. మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించింది. పెంచల్ గడప అవతలే నిలబడ్డాడు. ఆమె రెండుసార్లు లోపలికి రమ్మంది. రాలేదు.

ముందు మా క్యాన్ నుంచి ఒక స్ట్రా తీసి గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, ఒక చుక్క అద్దం మీద వేసింది. చూసింది. ఇంకోటి వేసింది. మూడోది కూడా వేసింది. తర్వాత లేచి, "మీరూ చూడండి మేడం," అంది.

పిల్లలకు మైక్రోస్కోపు చూపించడం నేర్పినదాన్ని. గుండ్రటి వెలుగులో ఇసుక చల్లినట్టు ఉంది. ఏదీ కదలడం లేదు.

తర్వాత పెంచల్ అప్పగించిన క్యాన్ నుంచి గవర్నమెంటు స్ట్రా ఒకటి కరిగించి చూపింది. చీమల పుట్ట మీద కాలు పెట్టినట్టు ఉంది.

"చూశారా!" అన్నాను. "వాడి క్యాన్‌లోది బతికే ఉంది. మా క్యాన్‌లోది చచ్చింది. మా క్యాన్‌ను వాడు ఏదో చేశాడు. నా దగ్గర లెక్క ఉంది."

"ఇవ్వండి."

ఇచ్చాను. ఆమె పేజీలు తిప్పింది. నా అక్షరాలు ఎవరైనా చదవగలరు. ఒకచోట ఆగింది. వెనక్కు తిప్పింది. మళ్ళీ ముందుకు.

"ఈ ఆదివారాలు ఏంటి మేడం?"

"లెక్క. ఎన్ని స్ట్రాలున్నాయో."

"ఎలా లెక్కపెట్టారు?"

"గిన్నె పైకి ఎత్తించి. పట్టకారుతో. రెండుసార్లు."

"క్యాన్ బయటికా?"

"లోపల చీకటిగా ఉంటే ఎట్లా కనబడుతుంది?"

"ఎంతసేపు?"

"ఆరు నిమిషాలు. ఒకసారి పన్నెండు. ఎంతసేపు పట్టిందో ప్రతిసారీ రాశాను. జూన్ ఒకటి నుంచి పదిహేను ఆదివారాలు, ఒక్కటి కూడా తప్పలేదు."

ఆమె పుస్తకం మూసింది. గొంతు పెంచలేదు, అదే బాగాలేదు. "నత్రజని మైనస్ నూట తొంభై ఆరే మేడం. కానీ ఆ చలి నత్రజనిలో ఉంటుంది, స్ట్రాలో ఉండదు. గడ్డిపరకంత స్ట్రా, బయట జూన్ ఎండ. పది సెకన్లు దాటితే వేడెక్కుతుంది. మళ్ళీ ముంచితే మళ్ళీ గడ్డకడుతుంది. ఒక్కసారికే సగం చస్తాయి. అందుకే వీళ్ళు చూడకుండానే చటుక్కున తీస్తారు. నత్రజని వారానికి రెండున్నర అంగుళాలు తగ్గింది కూడా అంతసేపు మూత తెరవడం వల్లే. ఎవరూ దొంగిలించలేదు."

"నాకెవరూ చెప్పలేదు," అన్నాను.

గడప దగ్గర పెంచల్ తలెత్తి నా వైపు చూశాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

"విత్తనం సంగతి నేను రాస్తాను," అంది భారతి. "రెండు స్ట్రాల దొంగతనం మాత్రం మీరు పెట్టింది. నెల్లూరు దాకా పోయింది. దాన్ని మీరే రాతపూర్వకంగా తీసేయాలి. నెలాఖరు లోపు రాకపోతే అతని పేరు గోపాలమిత్రల జాబితాలో ఉండదు."

11 సెప్టెంబరు, గురువారం

రాయడానికి ఏమీ లేదు.

12 సెప్టెంబరు, శుక్రవారం

ఫ్యాక్టరీలో గాలిని సరిగ్గా విడదీయకపోయి ఉండవచ్చు. ట్యాంకరులో చలి తగ్గి ఉండవచ్చు. డ్రైవరు తిరుపాలు నమ్మదగ్గ మనిషిలా లేడు. ఒకే ట్యాంకరు నుంచి పెంచల్ క్యాన్‌కూ పోశారు, అది బతికింది. అయినా

పై నాలుగు లైన్లు కొట్టేయాలి. కొట్టేయను. ఉండనీ.

14 సెప్టెంబరు, ఆదివారం

నవ్యశ్రీ అన్నం ముందు కూర్చొని తినలేదు.

"పెంచలన్నకు పని పోతాదా అవ్వా?"

"నేను రాసిస్తే పోదు."

"రాసినావా?"

"ఆయన స్ట్రా ఇవ్వడం నేను చూడలేదు. చూడనిది ఎట్లా రాస్తాను?"

"సరే. నేను రాస్తా. గిన్నె ఎత్తింది నేను. పదిహేను వారాలు ఎత్తింది నేను. విత్తనం చంపింది నేనేనని డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్తా."

"నీకేం సంబంధం? లెక్క నాది."

"అయితే నువ్వు చెప్పు."

పళ్ళెం తోసేసి లేచిపోయింది. పందొమ్మిదేళ్ళలో నా ముందు పళ్ళెం తోయడం ఇదే మొదటిసారి. తిట్టబోయాను. పళ్ళెం మీద మూత పెట్టాను.

17 సెప్టెంబరు, బుధవారం

కాగితం రాసుకొని పల్లెకు వెళ్ళాను. రిజిస్టర్ పోస్టులో నేరుగా పంపవచ్చు. అతను చదవకుండా పంపడం సరికాదనిపించింది.

పెంచల్ వల బాగుచేస్తున్నాడు. లేవలేదు. దూడ నెల దాటి బలిసింది. గుంజ చుట్టూ తాడు చుట్టుకొని తల్లి కోసం అరుస్తోంది. గురవమ్మ గిన్నె పట్టుకొని పాలు పితకబోతూ ఆగింది.

"దూడ కోసం వచ్చినాదిరా," అంది కొడుకుతో. "చేతిలో కాగితం చూడు."

"దూడ ఊసు నేను ఎత్తలేదు," అన్నాను.

"నోరు ఎత్తలేదులే. కళ్ళు ఎత్తుతుండాయి."

అది నిజం. చూశాను. లోకంలో సింగడిది ఇక ఆ ఒక్కటే.

కాగితం పెంచల్‌కు ఇచ్చాను. అతను చేతులు తుడుచుకొని, పెదాలు కదుపుతూ చదివాడు. ఇది నేను రాసింది: పెంచల్‌పై ఇచ్చిన ఫిర్యాదు పొరపాటున జరిగినది. రెండు స్ట్రాలలో ఒకటి విరిగినదనీ, మరొకటి నా భర్త అనుమతితో వాడినదనీ నమ్ముతున్నాను. కావున ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నాను.

"పొరపాటు దానంతట అదే జరిగిందా టీచరమ్మా?" అన్నాడు.

కాగితం కోసం చెయ్యి చాచాను, అతను ఇవ్వలేదు.

"నమ్ముతున్నాను అంటే ఏంది? అయ్య ఇచ్చినాడని రాయండి."

"నేను చూడలేదు పెంచల్."

"నేను దొంగిలించింది చూసినారా?"

వల మీదనే కళ్ళు పెట్టి అడిగాడు. అరిచినా బాగుండేది.

"అది రాసినారే," అన్నాడు. "మూడు పేజీలు రాసినారంట."

గురవమ్మ నవ్వలేదు. ఎవరూ కుర్చీ వేయలేదు. మంచం అంచున నేనే కూర్చొని, సంచీలోంచి తెల్ల కాగితం తీసి, లెక్క పుస్తకం కింద పెట్టుకొని మళ్ళీ రాశాను. పెంచల్ దొంగతనం చేయలేదు. నేను చూడకుండానే దొంగతనం చేశాడని రాశాను. ఆ స్ట్రా నా భర్త ఇచ్చాడు. క్యాన్‌లో మిగిలినవి నేను చంపాను. కింద సంతకం, తేదీ.

అతను చదివాడు. మొదటిదానికంటే నెమ్మదిగా. నేను పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పిల్లలు ఎదురుగా నిలబడి ఎట్లా చూసేవాళ్ళో ఇప్పుడు నాకు తెలిసింది.

"ఇంకొకటి రాయండి," అన్నాడు. "ఒకటి ఆఫీసుకు. ఒకటి నాకు."

"నీకెందుకు?"

"రేపు మీ మనసు మారితే?"

రెండోది రాసేసరికి వేళ్ళు పట్టేశాయి. అక్షరాలు వంకర పోయాయి. కొట్టివేతలు కూడా రెండు పడ్డాయి. మళ్ళీ రాస్తానంటే అక్కరలేదన్నాడు. మంచిది ఆఫీసుకని నా చేతికిచ్చి, వంకరది ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో దోపుకున్నాడు. మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు.

దూడ పాలకు అరుస్తూనే ఉంది. గురవమ్మ గిన్నె పట్టుకొని నిలబడే ఉంది కానీ దాన్ని తల్లి దగ్గరికి విప్పలేదు. నేను అక్కడ ఉన్నంతసేపూ విప్పలేదు. లేచి వచ్చేశాను. బస్సు రోడ్డుకు సగం దూరం వచ్చాక దాని అరుపు ఆగింది.